పొట్ట మాట వింటుంది, తొడ వినదు

సంక్రాంతి వెళ్ళిన నెలలో నాకొచ్చే ఉత్తరాల్లో సగం కొవ్వు గురించే ఉంటాయి. అరిసెలు తినేటప్పుడు గుర్తురాని డాక్టరమ్మ, ప్యాంటు బొత్తాం పట్టనప్పుడు గుర్తొస్తుంది. తప్పేం లేదు, నా చీరకట్టు కూడా ఈ నెల అదే చెబుతోంది. ఈసారి ఉత్తరాల కట్ట విప్పి చదువుతుంటే ఒక సంగతి కనిపించింది. ఇన్సులిన్ గడ్డల గురించి అడిగినవారికీ, కొలెస్ట్రాల్ గురించి అడిగినవారికీ, కూతురి మెడ నల్లబడిందని బెంగపడిన అమ్మకీ జవాబు ఒకచోటే దొరుకుతుంది. అది కణాలకుండే రిసెప్టర్ల దగ్గర. అందుకని వాటన్నిటినీ ఈ సంచికలో ఒకచోట చేర్చాను.

రిసెప్టర్ అంటే కణం పైపొరలోనో లోపలో ఉండే ఒక ప్రొటీన్. రక్తంలో తిరిగే హార్మోన్ ఒంట్లో దాదాపు అన్ని కణాల పక్క నుంచీ పోతుంది, కానీ తనకు సరిపడే రిసెప్టర్ ఉన్న కణం మాత్రమే దానికి స్పందిస్తుంది. అదే హార్మోన్‌కి రెండు రకాల రిసెప్టర్లు ఉంటే ఒకచోట ఒక పనీ, మరోచోట సరిగ్గా దానికి ఎదురు పనీ జరుగుతాయి. ఎంత కొవ్వు చేరుతుందన్నది చాలావరకు తిండీ, కదలికా తేలుస్తాయి. అది ఎక్కడ చేరుతుంది, ఎక్కడి నుంచి ముందు కదులుతుంది అన్నది ఎక్కువగా రిసెప్టర్ల లెక్క.

పన్నెండేళ్ళుగా ఇన్సులిన్ తీసుకుంటున్నాను. బొడ్డుకి రెండు పక్కలా మెత్తటి గడ్డలు లేచాయి. నొప్పి లేదు. అక్కడ పొడిస్తే అసలు తెలియదు కాబట్టి అక్కడే చేసుకుంటున్నాను. ఈమధ్య అదే డోసుకి షుగర్ ఒకరోజు 300, ఒకరోజు 70 వస్తోంది. ఇన్సులిన్ నకిలీదేమో అని అనుమానం.
— రిటైర్డ్ టీచర్, తెనాలి

మాస్టారూ, మందుల షాపువాడితో పోట్లాడకండి. మీ ఇన్సులిన్ అసలుదే, అందుకే గడ్డ లేచింది.

ఇన్సులిన్‌ని మనం షుగర్ తగ్గించే మందుగానే చూస్తాం. కొవ్వు కణానికి మాత్రం అది "దాచుకో" అనే ఆజ్ఞ. కొవ్వు కణం పైపొరలో ఇన్సులిన్ రిసెప్టర్లు దండిగా ఉంటాయి. ఇన్సులిన్ వాటికి అతుక్కోగానే మూడు పనులు జరుగుతాయి. గ్లూకోజ్‌ని లోపలికి తీసుకునే రవాణా ప్రొటీన్లు కణం పైకి వస్తాయి. రక్తంలో పోతున్న కొవ్వుని, అంటే ట్రైగ్లిజరైడ్లను, విడగొట్టి కణంలోకి చేర్చే ఎంజైము చురుకవుతుంది. ఇక మూడోది, కణంలో ఇప్పటికే ఉన్న కొవ్వుని కరిగించే ఎంజైములు ఆగిపోతాయి. వీటిలో ఈ మూడోదానికి చాలా కొద్ది ఇన్సులిన్ చాలు. టైప్-1 షుగర్ పిల్లలు ఇన్సులిన్ అందక పుల్లల్లా చిక్కిపోయేది ఇందుకే. ఆపేవాళ్ళు లేక వాళ్ళ కొవ్వు కరుగుతూనే పోతుంది.

మీరు ఏళ్ళ తరబడి ఒకే చోట పొడుస్తుంటే అక్కడి కణాలు మిగతా ఒంటికి అందేదానికి ఎన్నో రెట్లు ఇన్సులిన్‌లో నానుతాయి. దాచుకో, దాచుకో అని రోజూ వింటూ అవి ఉబ్బుతాయి. ఉబ్బిన చోట నరాలు పలచబడతాయి కాబట్టి నొప్పి తెలియదు. నొప్పి తెలియదు కాబట్టి మీరు మళ్ళీ అక్కడే పొడుస్తారు. ఆ గడ్డలోంచి ఇన్సులిన్ రక్తంలోకి ఒకరోజు ఆలస్యంగా, ఒకరోజు తొందరగా చేరుతుంది. మీ 300కీ 70కీ కారణం అదే అయ్యుండాలి.

స్నానం చేసేటప్పుడు సబ్బు నురగతో పొట్ట మీద మూడు వేళ్ళు నెమ్మదిగా జార్చి చూడండి. కంటికి కనబడని గడ్డలు కూడా వేళ్ళకి తగులుతాయి, కాస్త రబ్బరులా ఉంటాయి. బాల్‌పెన్నుతో వాటి చుట్టూ గీత గీసి, ఆ గీత లోపల కొన్ని నెలలపాటు సూది పెట్టకండి. చాలామందికి అవి వాటంతట అవే తగ్గుతాయి. కొత్తచోట చేసేటప్పుడు కూడా నిన్నటి చోటుకి ఒక వేలి వెడల్పు దూరం ఉండాలి. సూది మార్చండి. వారమంతా ఒకే సూది వాడటం మన దగ్గర పొదుపు కింద చెల్లుతోంది, కానీ మొద్దుబారిన సూది కూడా గడ్డలకి దోహదం చేస్తుంది.

ఇంకొకటి చాలా ముఖ్యం. గడ్డలో వేసే డోసుని ఉన్నపళంగా మంచి చర్మంలో వేయకండి. ఇప్పుడది పూర్తిగా ఒంటికి పడుతుంది, షుగర్ పడిపోతుంది. మీ డాక్టరుకి గడ్డ చూపించి, డోసు తగ్గించుకుని చోటు మార్చండి. పొట్ట చూపించడానికి మొహమాటపడకండి. చాలా క్లినిక్కుల్లో రిపోర్టులు చూస్తారే గానీ పొట్ట తడిమి చూడరు.

మా వారూ నేనూ కలిసి ఆరు నెలలుగా రోజూ గంటసేపు నడుస్తున్నాం. ఆయనకి పొట్ట తగ్గి బెల్టు రెండు బొక్కలు లోపలికొచ్చింది. నాకు మొహం పీక్కుపోయిందే గానీ తొడలూ పిరుదులూ అంగుళం తగ్గలేదు. టీవీలో చూపించే వైబ్రేషన్ బెల్టు కొందామనుకుంటున్నా.
— గృహిణి, ఖమ్మం

ఆ డబ్బుతో ఒక మంచి జత బూట్లు కొనుక్కోండమ్మా.

నడిచేటప్పుడు, ఆకలైనప్పుడు, టెన్షన్ పడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్, దాని తోబుట్టువు నారడ్రినలిన్ విడుదలవుతాయి. కొవ్వు కణానికి వీటి కోసం రెండు జాతుల రిసెప్టర్లు ఉన్నాయి. బీటా రకానికి అతుక్కుంటే కొవ్వు విడుదలవుతుంది. ఆల్ఫా-2 రకానికి అతుక్కుంటే ఆ విడుదలకి బ్రేకు పడుతుంది. హార్మోన్ ఒకటే, ఫలితాలు రెండు. పొట్ట లోపలి కొవ్వులో బీటాల మాట చెల్లుతుంది. ఆడవాళ్ళ తొడల్లో, పిరుదుల్లో ఆల్ఫా-2ల వాటా ఎక్కువ. కాబట్టి మీరిద్దరూ పక్కపక్కనే నడిచినా, మీ ఇద్దరిలో ఉరికింది ఒకే అడ్రినలిన్ అయినా, ఆయన పొట్ట మాట వింటుంది, మీ తొడ వినదు. ఇందులో మీ బద్ధకం ఏమీ లేదు.

బీటా రిసెప్టర్ తర్వాత ఏం జరుగుతుందో కూడా చెప్తాను, అందులో మనవాడొకాయన ఉన్నాడు. ఆ రిసెప్టర్ కదలగానే కణంలోపల ఒక ఎంజైము ఏటీపీ అనే అణువుని తీసుకుని సైక్లిక్ ఏఎంపీగా మారుస్తుంది. అది పెరిగితే కొవ్వుని విడగొట్టే ఎంజైములు పనిలోకి దిగుతాయి. ఆల్ఫా-2 చేసేదల్లా సైక్లిక్ ఏఎంపీ తయారీని తగ్గించడం. ఇన్సులిన్ ఇంకో దారిలో వచ్చి, తయారైనదాన్ని నాశనం చేయిస్తుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనిపెట్టినవాడు భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. నడకకి వెళ్ళినప్పుడల్లా మీ కణాల్లో ఖర్చయ్యేది ఆ ఏటీపీయే.

తొడల్లో ప్రకృతి ఇంత గట్టిగా దాచడానికి ఒక కారణం కనిపిస్తుంది. బిడ్డకి పాలిచ్చే నెలల్లో తొడల కొవ్వు మామూలు కంటే తేలిగ్గా కదులుతుంది. అంటే అది అత్యవసరానికి దాచిన నిల్వ. పైగా అది పొట్టలోపలి కొవ్వులా హాని చేయదు. ఒకే నడుము కొలత ఉన్న ఇద్దరిలో పిరుదుల కొలత ఎక్కువున్నవాళ్ళకే గుండెజబ్బు, షుగర్ ముప్పు తక్కువని పెద్ద పెద్ద పరిశీలనల్లో తేలింది. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గి, ఇదే కొవ్వు మీవారి దారిలో పొట్టకి మళ్ళుతుంది. అప్పుడు నాకు మళ్ళీ రాయండి, అప్పుడు కలిసి కంగారు పడదాం.

బెల్టు కండరాన్ని కదుపుతుంది, కొవ్వు కణాన్ని ఒప్పించలేదు. పొట్ట వ్యాయామం చేస్తే పొట్ట కొవ్వే కరుగుతుందన్నదీ అంతే. ఇంతకీ కరిగిన కొవ్వు ఎక్కడికి పోతుందని మా క్లినిక్‌లో అడిగితే చెమటలో అనీ, విరేచనంలో అనీ చెబుతారు. ఎక్కువ భాగం ఊపిరిలో పోతుంది. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ముక్కులోంచి, మిగిలిన 1.6 కిలోలు నీరుగా బయటికి వెళ్తాయి.

వయసు 29. ఎత్తు 168 సెం.మీ., బరువు 62 కిలోలు. అందరూ సన్నగా ఉన్నావంటారు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో ట్రైగ్లిజరైడ్లు 310, ఫ్యాటీ లివర్ గ్రేడ్-1, షుగర్ బోర్డర్‌లైన్ అని వచ్చింది. రిపోర్టు తారుమారైందా? నాలో కొవ్వెక్కడుంది?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్, హైదరాబాద్

రిపోర్టు మీదే బాబూ. కొవ్వు ఉంది, ఉండాల్సిన చోట లేదు. అదే మీ సమస్య.

మీ బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు సరిపోయిందా అని చూసే లెక్క, 22. పుస్తకం ప్రకారం బంగారం. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణె డాక్టర్ యాజ్ఞిక్, ఇంగ్లండ్ డాక్టర్ యుడ్కిన్ చొక్కాలేసుకుని పక్కపక్కనే నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూపుకి ఇద్దరూ సన్నవాళ్ళే. మనవాళ్ళ "సన్నటి లావు" గురించి డాక్టర్లకి పాఠం చెప్పడానికి నాకు ఆ ఫొటో ఒక్కటి చాలు.

ఇక్కడ మనకి కావలసిన రిసెప్టర్ పేరు పీపార్ గామా. ఇది కణం పైన ఉండదు, కేంద్రకంలో ఉంటుంది. దీనికి అతుక్కునేవాటిలో కొవ్వు ఆమ్లాలు కూడా ఉన్నాయి. అంటే కొవ్వు వచ్చిందన్న కబురు నేరుగా జన్యువుల దగ్గరికే చేరుతుందన్నమాట. కబురు అందగానే ఇది కొత్త కొవ్వు కణాలను తయారుచేయించే జన్యువులను లేపుతుంది. చర్మం కింద కొత్తగా, చిన్నగా, ఖాళీగా ఉన్న కణాలు వస్తాయి. తిన్నది ఎక్కువైతే వెళ్ళడానికి ఒక చోటు ఉంటుంది.

మీ ఇంట్లో గాదె చిన్నదనుకోండి. పంట మామూలుగానే పండినా గాదె పట్టినంతే పడుతుంది. మిగిలిన ధాన్యం వసారాలో పోస్తారు, తర్వాత పడకగదిలో, చివరికి పొయ్యి పక్కన. బయట నుంచి చూసినవాడికి గాదె చిన్నగానే కనబడుతుంది, "వీళ్ళకేం ఉంది" అనుకుంటాడు. లోపల నడవడానికి చోటుండదు. మీకు వసారా అంటే పేగుల చుట్టూ ఉండే కొవ్వు, పడకగది అంటే కాలేయం. అక్కడ చేరిన కొవ్వు కాలేయం మీద ఇన్సులిన్ పని సాగనివ్వదు. షుగర్ బోర్డర్‌కి వచ్చేది అందుకే.

ఇది ఊహ కాదు. పుట్టుకతోనే కొవ్వు కణాలు లేని పిల్లలు ఉంటారు, చాలా అరుదు. చేతులూ కాళ్ళూ కండలు తేలి, చూడ్డానికి వస్తాదుల్లా ఉంటారు. కొవ్వే లేదు కదా, ఆరోగ్యంగా ఉండాలి. కానీ వాళ్ళకి చిన్నతనంలోనే తీవ్రమైన షుగర్, కాలేయం నిండా కొవ్వు, రక్తంలో వేలల్లో ట్రైగ్లిజరైడ్లు ఉంటాయి. పీపార్ గామా జన్యువే దెబ్బతిన్న కుటుంబాల్లోనూ కొంచెం తక్కువ స్థాయిలో ఇదే కథ. చర్మం కింద కొవ్వుని తిట్టేవాళ్ళందరికీ నేను చెప్పేది వీళ్ళ గురించే.

ఈ రిసెప్టర్‌ని నొక్కే మందు మన మందుల షాపుల్లో ఎప్పటి నుంచో ఉంది, పయోగ్లిటజోన్. వేసుకుంటే షుగర్ తగ్గుతుంది, కాలేయంలో కొవ్వు తగ్గుతుంది, బరువు మాత్రం పెరుగుతుంది. రోగులు దీన్ని అసలు నమ్మరు. కొవ్వు కాలేయంలోంచి చర్మం కిందికి చేరింది, కాబట్టి తూకం పెరిగినా జబ్బు తగ్గింది. కొంత నీరు కూడా నిలుస్తుంది, అందుకే గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి ఇవ్వం. మూత్రాశయ క్యాన్సర్ అనుమానంతో 2013 జూన్‌లో కేంద్రం దీన్ని నిలిపేసి, జులై ఆఖర్లో హెచ్చరికతో మళ్ళీ అనుమతించింది.

మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి ఒక మాట. ఇదే రిసెప్టర్ మీద పనిచేసే బలాగ్లిటజోన్ అనే అణువుని మీ ఊళ్ళోనే డాక్టర్ రెడ్డీస్ పరిశోధకులు తయారుచేస్తే, 1997లో డెన్మార్క్‌కి చెందిన నోవో నార్డిస్క్ హక్కులు తీసుకుంది. ఒక భారతీయ కంపెనీ సొంత అణువుని విదేశీ కంపెనీకి లైసెన్సు ఇవ్వడం అదే మొదలు. దాని వెనకే వెళ్ళిన రాగాగ్లిటజార్ ప్రయోగాలు, జంతువుల్లో మూత్రాశయ కణితులు కనబడటంతో 2002లో ఆగాయి. రెండూ మార్కెట్‌కి రాలేదు. ఆ తరహాలోనే పీపార్ ఆల్ఫా, గామా రెండిటి మీదా పనిచేసే సారోగ్లిటజార్ 2013లో అహ్మదాబాద్ నుంచి వచ్చింది, ఇప్పుడు మన దగ్గర రాస్తున్నాం.

మీకు మాత్రం ఇవేవీ ఇప్పుడే వద్దు. పన్నెండు గంటలు పరగడుపున, ముందు రెండు మూడు రోజులు మందు ముట్టకుండా మళ్ళీ పరీక్ష చేయించండి. మందు అంటే శుక్రవారం రాత్రిది. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే క్లోమానికి ముప్పు, అప్పుడు మందుబిళ్ళ తప్పదు. 310కి ముందు అన్నం తగ్గించాలి. రెండు పూటలా గిన్నెడు అన్నం, మధ్యలో కూల్‌డ్రింకూ బిస్కెట్లూ అయితే మిగులు పిండిపదార్థాన్ని కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. అన్నం సగం చేసి, పప్పు, గుడ్డు, కూర పెంచండి. టేపు తీసుకుని ఊపిరి బిగబట్టకుండా నడుము కొలవండి. మన మగవాళ్ళకి 90 సెం.మీ., ఆడవాళ్ళకి 80 సెం.మీ. హద్దు. వాకింగ్‌తో పాటు బరువులెత్తండి. కండరానికీ ఇన్సులిన్ రిసెప్టర్లు ఉన్నాయి, భోజనం తర్వాత గ్లూకోజ్‌లో పెద్ద భాగం వెళ్ళేది అక్కడికే. 29 ఏళ్ళకి కండ పెంచుకోవడం సులువు. 59కి నా దగ్గరికొచ్చి పెంచమంటే నా వల్ల కాదు.

నాకు 36. చెడ్డ కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) 265. నాన్నగారు 42వ ఏట గుండెపోటుతో పోయారు, బాబాయికి 45కి స్టెంట్లు వేశారు. శాకాహారిని, నూనె తక్కువ. అయినా ఇక్కడి డాక్టరు జీవితాంతం స్టాటిన్ వేసుకోమంటున్నారు. పాపకి పదేళ్ళు, దానికీ పరీక్ష చేయించమన్నారు. అవసరమా?
— ఇర్వింగ్, టెక్సస్

అవసరమే. మీరున్న చోటుకి పక్కనే, డాలస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ సౌత్‌వెస్టర్న్ మెడికల్ సెంటర్‌లోనే ఈ ముడి విప్పారు. మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ 1970లలో, బాల్యంలోనే గుండెపోటు వచ్చే పిల్లల చర్మకణాలను పెంచి చూస్తే, రక్తంలోని ఎల్‌డీఎల్‌ని పట్టి లోపలికి లాక్కునే రిసెప్టర్ ఆ కణాల్లో పనిచేయడం లేదని తేలింది. 1985లో నోబెల్ వచ్చింది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క చెడ్డ జన్యువు వస్తే ఆ రిసెప్టర్లు సగమే పనిచేస్తాయి. కాలేయం ఎల్‌డీఎల్‌ని తీసేయలేక రక్తంలో వదిలేస్తుంది. మీరు నెయ్యి మానేసినా, రిసెప్టర్ మొలవదు.

స్టాటిన్ చేసేది ఇదీ. కాలేయ కణంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది. లోపల కొరత రాగానే కణం, ఉన్న మంచి జన్యువుతో మరిన్ని రిసెప్టర్లు తయారుచేసి పైకి పంపుతుంది. ఆపితే ఆ లాభమూ ఆగుతుంది, అందుకే జీవితాంతం. స్టాటిన్ చాలకపోతే పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ మీద పనిచేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. ఆ ప్రొటీన్ ఎల్‌డీఎల్ రిసెప్టర్లను నాశనం చేయిస్తుంది, మందు దాన్ని అడ్డుకుంటుంది. ఆ ప్రొటీన్ పుట్టుకతోనే సరిగా పనిచేయని కొందరు నల్లజాతి అమెరికన్లలో ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువగా, గుండెజబ్బు 88 శాతం తక్కువగా ఉన్నట్టు 2006లో చూపించినవాళ్ళూ డాలస్‌వాళ్ళే.

పాపకి ఈ జన్యువు వచ్చే అవకాశం సగానికి సగం. ఒక్క రక్తపరీక్ష చాలు. మీ మడమ వెనక నరం లాంటి పెద్ద తాడుని రెండు వేళ్ళతో పట్టి చూసుకోండి. అది దళసరిగా, గడ్డగడ్డగా ఉంటే డాక్టరుకి చెప్పండి. ఇండియాలో ఉన్న మీ అన్నదమ్ములకీ, బాబాయి పిల్లలకీ ఫోన్ చేసి పరీక్ష చేయించుకోమనండి. ఇలాంటివి మనవాళ్ళు సంబంధాలు చెడతాయని దాస్తారు.

ఆన్‌లైన్‌లో లెప్టిన్ క్యాప్సూల్స్ అమ్ముతున్నారు, ఆకలి చచ్చిపోతుందట. లేక వారానికోసారి ఇంజెక్షనే మేలా? మానేస్తే మళ్ళీ లావవుతారా?
— బ్యాంకు ఉద్యోగిని, విజయవాడ

మొదటిదానికి జవాబు సులువు. లెప్టిన్ ప్రొటీన్. మింగితే పప్పులాగే అరిగిపోతుంది.

లెప్టిన్ కథ మాత్రం చెప్పకుండా ఉండలేను. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ లేబొరేటరీలో రెండు జాతుల బొద్దు ఎలుకలు ఉండేవి. డగ్లస్ కోల్‌మన్ రెండిటి రక్తప్రసరణనూ కలిపి కుట్టాడు. ఒకటి అలాగే ఉంది, రెండోది తిండి మానేసి చిక్కి చచ్చిపోయింది. అంటే మొదటి ఎలుక రక్తంలో "చాలు" అనే హార్మోన్ బోలెడంత ఉంది, దానికి రిసెప్టర్ లేదు. రెండోదానికి రిసెప్టర్ ఉంది, హార్మోన్ లేదు. ఆ హార్మోన్ జన్యువుని 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ పట్టుకున్నాడు. అదే లెప్టిన్, తయారయ్యేది కొవ్వు కణంలో. 1997లో కేంబ్రిడ్జ్‌లో ఎనిమిదేళ్ళకే 86 కిలోలున్న పాపకీ, రెండేళ్ళకే 29 కిలోలున్న ఆమె బంధువు బాబుకీ లెప్టిన్ లేదని తేలింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక ఆ పాప అందరిలా తినగలిగింది.

అందరికీ ఇదే మందనుకుని ప్రపంచం సంబరపడింది. తీరా చూస్తే లావుగా ఉన్న మామూలు మనుషుల్లో లెప్టిన్ తక్కువ కాదు, ఎక్కువే. మెదడు దానికి స్పందించడం తగ్గింది. ఇంకా పోస్తే ఏం లాభం?

వారానికోసారి ఇంజెక్షన్లు వేరే దారిలో పనిచేస్తాయి. సెమాగ్లుటైడ్ జీఎల్‌పీ-1 అనే పేగు హార్మోన్ రిసెప్టర్ మీద, 2025 మార్చిలో మన దేశానికొచ్చిన టిర్జెపటైడ్ దానితో పాటు జీఐపీ అనే మరో పేగు హార్మోన్ రిసెప్టర్ మీదా పనిచేస్తాయి. ప్రధానంగా మెదడులో ఆకలి తగ్గుతుంది, కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. పనిచేస్తాయా అంటే బాగా చేస్తాయి. మానేస్తే? సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని ప్రయోగంలో చూశారు. మందు ఆపితే రిసెప్టర్‌కి కబురు ఆగుతుంది, ఆకలి పాత చోటికి వస్తుంది. పెళ్ళికి మూడు నెలల ముందు వేసుకుని మానేద్దామనుకునేవాళ్ళకి నేను రాయను.

మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. పక్క ఊళ్ళో ఒకాయన పొట్లాలిస్తే రెండేళ్ళుగా వాడుతోంది, నొప్పి మాయం. ఇప్పుడు మొహం గుండ్రంగా ఉబ్బి, మెడ వెనక గూనిలా లేచింది, పొట్ట పెరిగింది. చేతులూ కాళ్ళూ మాత్రం సన్నబడ్డాయి. మంచి ఆకలే కదా, ఒళ్ళు చేసిందంటున్నారు.
— మిర్యాలగూడ

ఒళ్ళు చేయడం కాదిది. ఆ పొట్లంలో స్టెరాయిడ్ ఉందని నా గట్టి అనుమానం. ఒంట్లో తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోన్ రిసెప్టర్లకే ఈ మందులూ అతుక్కుంటాయి. ఆ రిసెప్టర్లు పొట్టలోపలి కొవ్వులో ఎక్కువ కాబట్టి కొవ్వు అక్కడ చేరుతుంది, మొహానికీ మెడ వెనక్కీ చేరుతుంది. కండరంలో అదే రిసెప్టర్ ప్రొటీన్‌ని కరిగిస్తుంది, అందుకే కాళ్ళు పుల్లలయ్యాయి.

ఈ ఉత్తరం చదివి కోపంతో పొట్లాలు పొయ్యిలో పడేయకండి. రెండేళ్ళుగా బయటి నుంచి వస్తుంటే కార్టిసాల్ తయారుచేసే ఆమె అడ్రినల్ గ్రంథులు పని మానేసి ఉంటాయి. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మిగిలిన పొట్లాలు చేత్తో పట్టుకుని ఈ వారమే ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు, దగ్గరికి తీసుకెళ్ళండి. పొద్దున్నే కార్టిసాల్, షుగర్, బీపీ చూసి నెలల మీద మెల్లగా తగ్గిస్తారు. ఈలోగా వాంతులూ జ్వరమూ వస్తే ఏ ఆసుపత్రికి వెళ్ళినా "స్టెరాయిడ్ వాడుతోంది" అన్న మాట ముందు చెప్పండి.

పరగడుపున గోరువెచ్చని నీళ్ళలో తేనె, నిమ్మరసం?
— సామర్లకోట

పెద్ద చెంచాడు తేనెలో 60 క్యాలరీలు ఉన్నాయి. నీళ్ళూ నిమ్మకాయా ఉంచండి, తేనె తీసేయండి.

మా అమ్మాయికి పదమూడేళ్ళు, కాస్త బొద్దు. మెడ చుట్టూ, చంకల్లో నల్లగా మందంగా అయింది. శనగపిండి, పెరుగు, నిమ్మచెక్క అన్నీ రుద్దాను. స్కూల్లో మురికి అని ఏడిపిస్తున్నారట.
— నరసరావుపేట

మురికి కాదమ్మా, ఇక రుద్దకండి. పాప ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక క్లోమం మరింత ఎక్కువ వదులుతోంది. అంత ఎక్కువైనప్పుడు ఇన్సులిన్ తనది కాని రిసెప్టర్లకి, అంటే చర్మకణాల్లోని పెరుగుదల రిసెప్టర్లకి కూడా అతుక్కుంటుంది. చర్మం పెరిగి మడతలు పడి నల్లగా కనిపిస్తుంది. చిన్న చిన్న పులిపిర్లు కూడా లేవొచ్చు. పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), కాలేయ పరీక్ష చేయించండి. నెలసరి మొదలై ఉంటే సక్రమంగా వస్తోందో లేదో డాక్టరుకి చెప్పండి. ఇంట్లో పాపకొక్కదానికే తిండి కట్టడి పెట్టకండి, అందరి కంచంలోనూ అన్నం తగ్గించి, సాయంత్రం దాన్ని ఆటకి పంపండి. బరువు కొంచెం దిగితే మెడ కూడా తేటపడుతుంది, నెలలు పడుతుంది. క్లాస్ టీచర్‌ని కలిసి ఇది మురికి కాదని మీరే చెప్పండి, పాపతో చెప్పించకండి.